ఒట్టిపోయిన ఆవు, పాత పికప్పు

అమెరికాలో పాత బండిని వదిలించుకోవడం చాలా తేలిక. ఒక నంబరుకు ఫోన్ చేస్తే కొద్ది రోజుల్లో టోయింగ్ ట్రక్కు ఇంటి ముందుకు వస్తుంది. ఇంజన్ స్టార్ట్ కాకపోయినా, టైర్లలో గాలి లేకపోయినా ఫర్వాలేదు. యజమాని టైటిల్ కాగితం వెనక సంతకం పెట్టి తాళంచెవి చేతికిస్తే పని అయిపోతుంది. పైసా ఖర్చు లేదు. పైగా పిల్లల ఆసుపత్రికో, మాజీ సైనికులకో, ఊరి రేడియో స్టేషనుకో విరాళమిచ్చినట్టు రసీదు వస్తుంది. అసలే అది పికప్పుల దేశం. అక్కడి పికప్పుల అమ్మకాల్లో ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచి మొదటి స్థానం వదల్లేదు. అలా అమ్ముడైన బండ్లన్నీ ఏదో ఒక రోజు పాతబడాల్సిందే. ఏళ్ల తరబడి సిమెంటు బస్తాలు, గడ్డి మోపులు, ఇల్లు మారే సామాను మోసిన బండి కొత్తది రాగానే వాకిట్లో అడ్డమవుతుంది. అప్పుడు గుర్తొస్తుంది దానం.

ఇది దానమవుతుందా అన్నది పాత ప్రశ్నే. తెలుగువాళ్లు దాన్ని ఒక్క సామెతతో తేల్చేశారు: గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం. ఎలాగూ చేజారిపోయేదాన్ని దేవుడి పేరు చెప్పి వదిలితే, ఇచ్చినవాడు వదులుకున్నదేమిటి? తుక్కు కొట్టుకు పోవాల్సిన బండిని ధర్మసంస్థకు పంపినవారికి ఈ సామెత గట్టిగానే తగులుతుంది. అయితే ఆ సామెత ఇచ్చేవాడినే చూస్తుంది, పుచ్చుకునేవాడు అందులో కనపడడు. పాత ట్రక్కు విషయంలో అసలు సంగతంతా అక్కడే ఉంది. ఒకరి వాకిట్లో తుప్పుపడుతున్న బండి ఇంకొకరి ఇంట్లో పొయ్యి వెలిగించగలదు, లేదా ఆ ఇంటిని అప్పుల్లోకి దించగలదు. రెంటిలో ఏది జరగాలన్నది చాలావరకు ఇచ్చేవాడు పెట్టే శ్రద్ధను బట్టి ఉంటుంది.

కఠోపనిషత్తు మొదలయ్యేదే ఇలాంటి ఒక దానంతో. వాజశ్రవసుడు విశ్వజిత్ యాగం చేస్తాడు. తనకున్నదంతా ఇచ్చేయాల్సిన యాగమది. దక్షిణకని ఆవుల్ని తోలుకొస్తుంటే కొడుకు నచికేతుడు వాటి వంక చూస్తాడు. నీళ్ల తొట్టిదాకా నడవలేనివి, పాలు ఎండిపోయినవి, ఇక ఈనలేనివి. ఇలాంటివి ఇచ్చినవారికి ఆనందం లేని లోకాలే దక్కుతాయని ఆ పిల్లవాడికి అనిపిస్తుంది. నన్నెవరికి ఇస్తావని తండ్రిని అడుగుతాడు. మూడోసారి అడిగేసరికి తండ్రికి కోపమొచ్చి యముడికిస్తానంటాడు. యముడి వాకిట మూడు రాత్రుల ఎదురుచూపు, మూడు వరాలు, ఆత్మ గురించిన బోధ ఆ తర్వాత వస్తాయి. అంత పెద్ద తత్త్వచర్చకు దారి తీసింది మాత్రం ఆ ఒట్టిపోయిన ఆవులే.

నచికేతుడిని బాధపెట్టింది ఆవుల వయసొక్కటే కాదు. సర్వస్వమూ ఇస్తానని సంకల్పం చెప్పుకుని ఇంట్లో పనికిరానివి ఏరి ఇవ్వడం ఒక లోపం. రెండో లోపం ఇంకా బరువైంది. ఒట్టిపోయిన ఆవుకు కూడా కుడితి పెట్టాలి, గడ్డి వేయాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, చనిపోతే తీసుకెళ్లి పాతిపెట్టాలి. ఆ చాకిరీ అంతా వాజశ్రవసుడి ఇంటి నుంచి ఋత్విక్కుల ఇళ్లకు మారిపోయింది. వాళ్లకు దక్షిణ పేరుతో అందింది ఖర్చు.

శాస్త్రాలు గోదానానికి పెట్టిన నియమాలు చదివితే ఈ సంగతి వాటికి బాగా తెలుసని అర్థమవుతుంది. పాలిచ్చే ఆవు కావాలి. పక్కన దూడ ఉండాలి. కొమ్ములకు బంగారం, డెక్కలకు వెండి, వీపు మీద వస్త్రం, వీటితో పాటు పాలు పితుక్కోవడానికి కంచు పాత్ర. బంగారం, వెండి రాజులకు కుదిరి ఉంటాయి. ఆ కంచు పాత్ర దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఆవును తోలుకెళ్లినవాడు ఆ సాయంత్రమే పాలు పితుక్కోవాలి, గిన్నె కోసం పక్కింటికి పోకూడదు. ఆ నియమంలో అంత ముందుచూపు ఉంది. పికప్పు ఇచ్చేవారికి ఆ కంచు పాత్ర అంటే పనిచేసే బ్యాటరీ, గాలి ఉన్న స్టెప్నీ, జాకీ, రెండో తాళంచెవి, ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో తెలిపే కాగితాలు, ట్యాంకులో పెట్రోలు. ఇచ్చేవారికి వీటికయ్యే ఖర్చు కొద్దిపాటిదే. బండి అందుకున్న మనిషి మర్నాడు పొద్దున పనిలోకి వెళ్లగలగడం మాత్రం వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఇది ఒక్క మన దేశపు ఆలోచన కాదు. యెరూషలేములో యాజకులు కుంటి, గుడ్డి, రోగిష్టి పశువుల్ని బలిపీఠం మీదికి తెస్తుంటే బైబిలు ప్రవక్త మలాకీ నిలదీశాడు. ఇదే పశువును మీ దేశాధికారికి కానుకగా తీసుకెళ్తే ఆయన సంతోషిస్తాడా అన్నది ఆయన ప్రశ్న. ఖురాన్ రెండో సూరా 267వ వాక్యంలోనూ ఇదే హెచ్చరిక ఉంది. తమకు ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోని నాసిరకం వస్తువును ఏరి దానం చేయకూడదు. రెండు చోట్లా పరీక్ష ఒకటే, పుచ్చుకునేవాడి చోట నిలబడి చూడాలి.

ధర్మశాస్త్రకారులు దానాన్ని మనసుకు సంబంధించిన విషయంగా మాత్రమే చూడలేదు, ఆస్తి వ్యవహారంగా కూడా చూశారు. ఇచ్చేవాడి హక్కు పోవాలి, పుచ్చుకునేవాడికి హక్కు రావాలి, ఆ రెండూ జరిగితేనే దానం పూర్తయినట్టు. 12వ శతాబ్దంలో లక్ష్మీధరుడు కృత్యకల్పతరువులో ఒక కాండ మొత్తం దానానికే కేటాయించాడు. 13వ శతాబ్దంలో హేమాద్రి చతుర్వర్గ చింతామణిలో పెద్ద దానఖండమే రాశాడు. ఎవరు ఇవ్వవచ్చు, ఎవరు పుచ్చుకోవచ్చు, ఏ వస్తువు ఇవ్వవచ్చు అన్నవి వాళ్లకు ముఖ్యమైన ప్రశ్నలు.

హక్కు ఎవరిదో తేలకపోతే ఏమవుతుందో నృగ మహారాజు కథ చెబుతుంది. భారతం అనుశాసన పర్వంలోనూ, భాగవతంలోనూ ఉన్న కథ ఇది. నృగుడు లెక్కలేనన్ని గోవుల్ని దానమిచ్చిన రాజు. ఒకసారి ఇచ్చేసిన ఆవు దారి తప్పి మళ్లీ రాజు మందలో కలిసింది. సంగతి తెలియక దాన్నే ఇంకొకరికి ఇచ్చాడు. ఇద్దరు బ్రాహ్మణులు ఆవు నాదంటే నాదని వాదులాడుకుంటూ వచ్చారు. దాని బదులు ఎన్ని ఆవులిస్తానన్నా ఇద్దరూ ఒప్పుకోలేదు. చివరికి నృగుడు ఊసరవెల్లి అయి బావిలో పడి ఉండాల్సివచ్చింది, కృష్ణుడు వచ్చి తీసేదాకా. ఆ రాజు ఉద్దేశంలో ఏ మచ్చా లేదు. ఇస్తున్న ఆవు తనదేనా అని చూసుకోకపోవడమే ఆయన్ని ముంచింది.

టెక్సస్‌లో పికప్పు దానం చేసేవారు ఈ కథ చదవకపోయినా అదే జాగ్రత్త పడాలి. టైటిల్ తమ పేరున ఉండాలి. బండి మీద అప్పుంటే అది తీరిపోయినట్టు బ్యాంకు నుంచి పత్రం ఉండాలి. నంబరు ప్లేట్లు విప్పుకోవాలి. ముందు అద్దానికి అంటించిన రిజిస్ట్రేషన్ స్టిక్కరు బ్లేడుతో గీకి తీయాలి. బండి చేతులు మారిందని 30 రోజుల్లోగా మోటారు వాహనాల శాఖకు తెలియజేయాలి. అలా తెలపకపోతే ఎవరో నడిపిన బండికి టోల్ బిల్లులు, పార్కింగ్ చలాన్లు పాత యజమాని ఇంటికే వస్తూ ఉండవచ్చు.

ఇక డబ్బు సంగతి. 2005కు ముందు దాత తన బండి మార్కెట్ ధరను తానే అంచనా వేసుకుని, అంత మొత్తాన్నీ పన్ను లెక్కలో విరాళంగా చూపించుకునేవాడు. ప్రభుత్వ ఖర్చుల మీద అమెరికా కాంగ్రెస్ తరఫున నిఘా పెట్టే జీఏఓ 2003 నవంబరులో దీని మీద ఒక నివేదిక ఇచ్చింది. 2000 పన్ను సంవత్సరంలో సుమారు 7,33,000 మంది బండ్ల విరాళాలు చూపించారు, అందువల్ల వాళ్లకు తగ్గిన పన్ను సుమారు 65 కోట్ల 40 లక్షల డాలర్లు. అదే నివేదిక 54 బండ్లను ఎంచుకుని వాటి డబ్బు ఎక్కడికి పోయిందో ఆరా తీసింది. మూడింట రెండు వంతుల బండ్ల విషయంలో, దాత చూపించిన విలువలో 5 శాతమో అంతకంటే తక్కువో మాత్రమే ధర్మసంస్థకు చేరింది. దాత ఊహించుకున్న ధర ఎక్కువ, ధర్మసంస్థ ఆ బండిని వేలం వేస్తే పలికింది తక్కువ. అందులోనూ టోయింగుకు, ప్రకటనలకు, మధ్యలో నిలబడ్డవారికి పోగా మిగిలిందే ధర్మానికి.

2004లో చట్టం మారింది. 500 డాలర్లకు మించి విలువ చూపించాలంటే వేలంలో నిజంగా పలికిన ధరనే లెక్కలోకి తీసుకోవాలన్న నియమం 2005 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. దాత నాలుగు వేలు విలువ చేస్తుందనుకున్న పికప్పు వేలంలో తొమ్మిది వందలకు పోతే, కాగితం మీద తొమ్మిది వందలే. 2018లో, విరాళాల లెక్క చూపకుండానే అందరూ తగ్గించుకోగల స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు రెట్టింపయ్యాక మరో మార్పు వచ్చింది. పన్ను కట్టేవారిలో పదింట తొమ్మిది మంది దాకా విడివిడిగా విరాళాల లెక్క రాయడమే లేదు. అంటే ఇవాళ బండి ఇచ్చే చాలామందికి పన్నులో ఒక్క డాలరు కూడా తగ్గదు. అయినా ఇస్తూనే ఉన్నారు. ఇచ్చేవారిని పన్ను కోసమే ఇస్తున్నారని తేలిగ్గా నిందించేవారు దీన్ని గమనించాలి.

గీత పదిహేడో అధ్యాయం దానాలను మూడు రకాలుగా విడదీస్తుంది. వాటిలో లోపమున్నవి రెండు. ప్రతిఫలం కోరి ఇచ్చేది రాజసం. చోటూ, వేళా, మనిషీ చూడకుండా, ఆదరణ లేకుండా ఇచ్చేది తామసం. బండ్ల దానం గురించి అమెరికాలో జరిగిన చర్చంతా మొదటి లోపం చుట్టూనే తిరిగింది, చట్టం సరిచేసింది కూడా దాన్నే. రెండోదాన్ని ఏ చట్టమూ ముట్టుకోలేదు. గీత వరసలో కిందిమెట్టు మాత్రం ఆ రెండోదే. పన్నులో కొంత కలిసొస్తుందని ఆశించి, బండి ఎవరికి చేరుతుందో కనుక్కుని ఇచ్చినవాడు, ఏ ఆశా లేకుండా, ఏదీ కనుక్కోకుండా తాళంచెవి పారేసినవాడి కంటే మేలైన దాత.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. బండిని తానే అమ్మి డబ్బు విరాళమిస్తే ధర్మసంస్థకు ఎక్కువ చేరుతుంది కదా? చేరుతుంది, అనుమానం లేదు. వేలంలో తొమ్మిది వందలకు పోయే బండిని నేరుగా కొనుక్కునేవారు రెండు మూడు వేలు ఇవ్వవచ్చు. కానీ ప్రకటన పెట్టాలి, ఫోన్లు ఎత్తాలి, చూడ్డానికి వచ్చినవాళ్లకు బండి నడిపి చూపించాలి, బేరమాడాలి. రెండు శనివారాలు పోతాయి. వేలం దారిలో దాతకు మిగిలిన ఆ రెండు శనివారాల ఖరీదును ధర్మసంస్థ భరిస్తోంది. ఓపిక లేని వృద్ధులకు, ఊరు మారుతున్నవారికి ఫోన్ నంబరే దిక్కు, అందులో తప్పేమీ లేదు. తీరిక ఉండి, ఆరోగ్యం ఉండి కూడా ఆ కష్టం పడనివారు మాత్రం ఇవ్వగలిగినదాంట్లో మంచి భాగాన్ని తమ దగ్గరే ఉంచుకున్నట్టు.

వేలంలో పోయిన బండి అంతటితో చావదు. టెక్సస్ దక్షిణ కొసన, రియో గ్రాండె ఒడ్డున లాస్ ఇండియోస్ అనే చిన్న ఊరు ఉంది. మెక్సికో మీదుగా గ్వాటెమాలాకు పాత బండ్లు తోలుకెళ్లేవాళ్లు అక్కడి వంతెన దగ్గర బారులు తీరతారు. ట్రాన్స్‌మిగ్రాంతెస్ అంటారు వాళ్లను. ఒక పాత పికప్పు ఇంకో పాత పికప్పును లాగుతుంటుంది. వెనక బండి మీద పెద్ద అక్షరాలతో లాగుతున్న బండి అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. తొట్టిల్లో సైకిళ్లు, పరుపులు, వాషింగ్ మెషీన్లు కుక్కి ఉంటాయి. టెక్సస్ వాకిట్లో పనికిరాదనుకున్న టయోటా అక్కడ కొండదారుల్లో మనుషుల్ని, మూటల్ని మోస్తూ మళ్లీ బతుకుతుంది. ఆవుకూ బండికీ తేడా ఇక్కడే. పాలు ఎండిన ఆవును ఎవరూ మళ్లీ పాడికి తేలేరు. ఇంజన్ బాగున్న బండిని చేయి తిరిగిన మెకానిక్కు మరో పదేళ్లు నడిపించగలడు. అందుకే పాతదనం ఒక్కటే బండి దానాన్ని చెడగొట్టదు.

మరి చెడగొట్టేదేమిటి? వదిలించుకోవడం అన్న భావన. అది మన ఆచారాల్లో కూడా చోటు సంపాదించుకుంది. శని పీడ పోవాలని నల్ల నువ్వులు, నూనె, ఇనుము దానమిస్తారు. ఆ దానం పుచ్చుకోవడానికి చాలామంది వెనకాడతారు, ఇచ్చేవాడి పీడ తమకు చుట్టుకుంటుందని. ప్రతిగ్రహం, అంటే దానం పుచ్చుకోవడం, ప్రమాదమని శాస్త్రాలూ హెచ్చరించాయి. ఇనుప బండి విషయంలో ఆ భయం ఉత్త నమ్మకంగా మిగలదు, చేత్తో పట్టుకుని చూపించగల ప్రమాదంగా మారుతుంది.

తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులే సాక్ష్యం. వేడికి, తేమకు ఏళ్ల తరబడి పాడైన వాటి లోపలి రసాయనం గుద్దుకున్నప్పుడు మరీ బలంగా పేలి, లోహపు ముక్కలు డ్రైవరు మీదికి చిమ్మేది. అమెరికాలో వెనక్కి పిలిచిన ఆ ఎయిర్‌బ్యాగుల సంఖ్య దాదాపు 6 కోట్ల 70 లక్షలు, ఆ దేశ చరిత్రలో అతిపెద్ద వాహన రీకాల్. 2018 జనవరిలో ఫోర్డ్ కంపెనీ 2006 మోడల్ రేంజర్ పికప్పులు కొన్నిటిని మరమ్మతు అయ్యేదాకా అసలు నడపొద్దని యజమానులకు చెప్పింది. సరిగ్గా ఇలాంటి చిన్న, పాత పికప్పులే దానాలకు వెళ్లే రకం. బండి గుర్తింపు నంబరు వీఐఎన్‌ను రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైటులో కొడితే రీకాల్ ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. డీలరు ఉచితంగా బాగుచేసిస్తాడు. సొంత కొడుకు నడుపుతానంటే ఈ పరీక్ష చేయించని తండ్రి ఉండడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నడపబోయే బండికి కూడా అదే చేయించడాన్ని దానం అనాలి. శిష్యుడిని సాగనంపుతూ తైత్తిరీయోపనిషత్తులో గురువు దానం గురించి చెప్పే మాటల్లో శ్రద్ధ ఉంది, వినయం ఉంది, భయం కూడా ఉంది. ఇచ్చేవాడికి భయమెందుకో ఆ రేంజర్ బండిని చూస్తే అర్థమవుతుంది.

పాత బండితో ఉత్తమ దానం చేసి చూపించినవారూ ఉన్నారు. 12వ శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు కట్టాడు. అన్నిటికంటే పై మెట్టు, మనిషి ఇక చేయి చాచాల్సిన అవసరం లేకుండా నిలబెట్టడం. పని ఇప్పించడం, అప్పివ్వడం, వ్యాపారంలో భాగస్వామిని చేసుకోవడం అందులోకి వస్తాయి. బస్సు రాని ఊళ్లో బండి కూడా ఆ కోవలోకే వస్తుంది. 1996లో వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్‌లో హాల్ కోల్‌స్టన్ అనే ఆయన గుడ్ న్యూస్ గ్యారేజ్ మొదలుపెట్టాడు. లూథరన్ సేవా సంప్రదాయం అండతో పెరిగిన సంస్థ అది. దానమొచ్చిన బండ్లలో పనికొచ్చేవాటిని వేలానికి పంపకుండా, మెకానిక్కులతో బాగుచేయించి, పనికి వెళ్లడానికి దారిలేని కుటుంబాలకు అందిస్తుంది. 1999లో మేరీల్యాండ్‌లో మొదలైన వెహికల్స్ ఫర్ చేంజ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. జైలు నుంచి విడుదలైనవారికి తన గ్యారేజీలో మెకానిక్ పని నేర్పిస్తుంది. దానమొచ్చిన బండి ముందు ఒకరికి చదువవుతుంది, తర్వాత ఇంకొకరికి బతుకుదెరువవుతుంది.

తెలుగువాళ్లకు బండి లేని లోటు ఎలాంటిదో తెలియనిది కాదు. డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో నాలుగు లక్షల మంది దాకా ఉంటారు. మామూలు సిటీ బస్సులు నడవని అమెరికా నగరాల్లో అతిపెద్దదిగా దాన్ని చెబుతుంటారు. పిలిస్తే వచ్చే చిన్న వ్యాన్లు 2017లో మొదలయ్యాయి. అక్కడి యూనివర్సిటీకి ఏటా తెలుగు విద్యార్థులు వెళ్తూనే ఉన్నారు. బియ్యం బస్తా తెచ్చుకోవాలన్నా బండి ఉన్న సీనియర్‌ను ‘అన్నా, ఒక్క రైడ్ ఇస్తావా’ అని అడగాల్సిన రోజులు వాళ్లకు కొత్త కాదు. అదే చుట్టుపక్కల స్థిరపడి, రెండో బండి, మూడో బండి కొన్న తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఫ్రిస్కో హనుమంతుడి గుడి దగ్గర కొత్త బండికి పసుపు కుంకుమలు పెట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, హారతి ఇప్పించి తెచ్చుకుంటారు. బండి వచ్చేటప్పుడు అంత తంతు ఉంది, వెళ్లేటప్పుడు ఏదీ లేదు. ఆ గుళ్ల వాకిళ్లలోనే ఏడాదికోసారి పాత బండ్లను నిజంగా చూసి, బాగుచేసి, అవసరమున్నవారికి అందించే ఏర్పాటు పెట్టుకోవచ్చు. ఆ సమాజంలో డబ్బుకు, ఇంజనీర్లకు లోటు లేదు.

అంతవరకు ఒంటరిగా ఇచ్చేవారికి కూడా ఒక దారి ఉంది. బండి అందుకున్న సంస్థ దాతకు ఇచ్చే 1098-సీ పత్రంలో 5బీ అని చిన్న గడి ఉంటుంది. ఈ బండిని మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు, లేదా ఉచితంగా, అవసరమున్న మనిషికే ఇస్తామని సంస్థ హామీ ఇస్తూ టిక్కు పెట్టే గడి అది. అలా ఇచ్చిన బండికి వేలం ధర పరిమితి వర్తించదు, పూర్తి మార్కెట్ విలువ చూపించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. టోయింగ్ ట్రక్కును పిలిచే ముందు ఆ సంస్థకు ఫోన్ చేసి, 5బీ గడిలో టిక్కు పెడతారా, పెడితే బండి ఎలాంటి ఇంటికి వెళ్తుంది, వెళ్లేముందు బ్రేకులు ఎవరు చూస్తారు అని అడగవచ్చు. ఆ గడిని ఖాళీగా వదిలేసే సంస్థ అయితే ఇంకో నంబరు వెతుక్కోవచ్చు.